ఫైళ్లు పోకుండా హార్డ్‌డిస్క్‌ను పార్టిషన్లుగా విభజించడం: సమగ్ర మార్గదర్శి

కొత్త కంప్యూటర్ తెరిస్తే చాలాసార్లు ఒక్క సి డ్రైవే కనిపిస్తుంది. విండోస్ అందులోనే, ప్రోగ్రాములు అందులోనే, ఫొటోలూ పత్రాలూ అందులోనే. ఏడాది గడిచేసరికి అంతా కలిసిపోతుంది. ఏదో ఒక రోజు విండోస్ మళ్లీ వేయాల్సి వస్తే, ముందు ఏది ఎక్కడుందో ఏరుకోవడానికే ఒక పూట పడుతుంది. అప్పుడనిపిస్తుంది, సొంత ఫైళ్లకు వేరే డ్రైవ్ ఉంటే బాగుండేదని. ఆ వెంటనే భయమూ వేస్తుంది: డిస్క్‌ను అలా విడగొడితే, అంటే పార్టిషన్ చేస్తే, ఉన్నవన్నీ చెరిగిపోవా?

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో, నిండి ఉన్న పార్టిషన్‌ను చెరపకుండా తగ్గించే సాధనం విండోస్‌లో లేదు. వేరే సాఫ్ట్‌వేర్ తెచ్చుకోవాలి, లేదా అంతా చెరిపి మళ్లీ మొదలుపెట్టాలి. విస్టా నుంచి ఆ పని చేసే సాధనం విండోస్‌లోనే ఉంది. పైరు నిలిచి ఉన్న పొలంలో మొక్క తొక్కకుండా కొత్త గట్టు వేయడం లాంటి పని ఇది. కుదురుతుంది. కానీ గట్టు ఎటువైపు వేస్తున్నామో తెలిసి వేయాలి.

లోపల జరిగేది

డిస్క్ మొదట్లో ఒక చిన్న పట్టిక ఉంటుంది. ఏ పార్టిషన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అందులో రాసి ఉంటుంది. దానినే పార్టిషన్ టేబుల్ అంటారు. సి డ్రైవ్‌ను తగ్గించమని చెప్పినప్పుడు విండోస్ రెండు పనులు చేస్తుంది. కొత్త సరిహద్దుకు అవతల ఉన్న ఫైళ్ల ముక్కలను ఇవతలి ఖాళీల్లోకి జరుపుతుంది. ఆ తర్వాత పట్టికలో ముగింపు అంకెను మారుస్తుంది. అవతల అసలే ఖాళీగా ఉంటే మొదటి పనికి సమయమే పట్టదు. అందుకే కొన్నిసార్లు వందల జీబీల తగ్గింపు కూడా నిమిషంలోపే అయిపోతుంది.

ఇక్కడ ఒక తేడాను బాగా గుర్తుంచుకోండి. పార్టిషన్ కుడి అంచును, అంటే ముగింపును, వెనక్కి లాగడం తేలికైన పని. ఎడమ అంచును, అంటే ప్రారంభాన్ని, జరపడం పూర్తిగా వేరే సంగతి. ప్రారంభం కదిలితే లోపలున్న డేటా అంతా ఒక చోటి నుంచి మరో చోటికి నడవాలి. గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే సగం పాత చోట, సగం కొత్త చోట మిగలవచ్చు. విండోస్ సొంత సాధనం ఎడమ అంచును కదపనే కదపదు. బయటి సాఫ్ట్‌వేర్లు కదుపుతాయి. ఈ వ్యాసంలో చెప్పే పనంతా కుడి అంచుతోనే. ఎవరైనా ఎడమ అంచు జరపమని సలహా ఇస్తే, పూర్తి బ్యాకప్ లేకుండా ఒప్పుకోకండి.

అసలు విడగొట్టాలా?

మీ డిస్క్ 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (చిప్‌ల మీద డేటా దాచే డిస్క్) అయితే వద్దంటాను. ఇంత చిన్న చోటును రెండు ముక్కలు చేస్తే, ఆరు నెలల్లో ఒకవైపు నిండిపోయి మరోవైపు ఖాళీగా పడి ఉంటుంది. అక్కడ చక్కగా పేర్లు పెట్టిన ఫోల్డర్లు చాలు. 512 జీబీ, అంతకు మించిన డిస్కులకు విభజన ఉపయోగపడుతుంది. విండోస్‌ను మళ్లీ వేసేటప్పుడు సొంత ఫైళ్లను కదపనక్కర్లేదు. లినక్స్ వంటి రెండో ఆపరేటింగ్ సిస్టమ్‌కు చోటు దొరుకుతుంది. సి డ్రైవ్ చిన్నదైతే దాన్ని మొత్తంగా కాపీ తీసి దాచుకోవడమూ తేలిక.

ఒక అపోహను మాత్రం ఇప్పుడే తీసేయాలి. ఒకే డిస్క్‌లోని డి డ్రైవ్‌లో పెట్టిన ఫైలు బ్యాకప్ కాదు. డిస్క్ చెడిపోతే సి, డి రెండూ కలిసే పోతాయి. ఎస్‌ఎస్‌డీలోనైతే ఈ సరిహద్దు పట్టికలో మాత్రమే ఉంటుంది. చిప్‌ల మీద డేటా ఎక్కడ పడాలో డిస్క్ కంట్రోలర్ తనకు తానే నిర్ణయించుకుంటుంది.

చేతులు పెట్టకముందు

బ్యాకప్‌తో మొదలుపెట్టండి. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కావచ్చు, క్లౌడ్ కావచ్చు, ఇంకో కంప్యూటర్ కావచ్చు. ఈ డిస్క్ కానిది ఏదైనా సరే. కాపీ అయ్యాక అక్కడి నుంచే పది పదిహేను ఫైళ్లు తెరిచి చూడండి. పాత ఫొటో ఒకటి, పెద్ద వీడియో ఒకటి, పోతే మళ్లీ దొరకని పత్రం ఒకటి. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను లెక్కలోకి తీసుకోను. తగ్గింపు పని సాధారణంగా క్షేమంగానే జరుగుతుంది. అయినా ఆ మెనూలో తప్పు వరుస మీద ఒక్క నొక్కు చాలు, ఏళ్ల ఫొటోలు పోవడానికి. బ్యాకప్ ఆ ఒక్క నొక్కు కోసం.

తర్వాత డిస్క్ ఆరోగ్యం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ డిస్క్ తన గురించి తాను నమోదు చేసుకునే వివరాలను చూపిస్తుంది. హార్డ్‌డిస్క్ అయితే రీఅలోకేటెడ్ సెక్టార్స్, కరెంట్ పెండింగ్ సెక్టార్, అన్‌కరెక్టబుల్ సెక్టార్ అనే మూడు వరుసలు ముఖ్యం. అవి సున్నాగా ఉంటే ముందుకు వెళ్లండి. కాషన్ లేదా బ్యాడ్ అని కనిపిస్తే విభజన మాట మరచిపోయి, ఫైళ్లను వేరే డిస్క్‌కు తరలించండి. అలసిపోయిన డిస్క్ చేత వందల జీబీలు మోయించకూడదు.

డిస్క్ బాగున్నా ఫైల్ సిస్టమ్‌లో, అంటే ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే ఏర్పాటులో, లోపాలు ఉండవచ్చు. సి డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో టూల్స్, అక్కడ చెక్ నొక్కండి. లోపాలుంటే సరిచేయించండి.

డిస్క్‌కు విండోస్ వేసే తాళం బిట్‌లాకర్. దాని సంగతి చాలామంది మరచిపోతారు. ఈ మధ్య వస్తున్న చాలా కంప్యూటర్లలో, మీరు అడగకపోయినా డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేనిదే చదవలేని రూపంలో, ఉంటుంది. దాని రికవరీ కీ 48 అంకెలు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి ఉంటే సాధారణంగా ఆ ఖాతాలోనే భద్రమై ఉంటుంది. దాన్ని వెతికి కాగితం మీద రాసుకోండి, లేదా ఫోనులో దాచుకోండి. అదే కంప్యూటర్‌లో మాత్రం దాచకండి. తాళం తీసి ఉన్న బిట్‌లాకర్ డ్రైవ్‌ను విండోస్ సాధనం నేరుగా తగ్గించగలదు. బయటి సాఫ్ట్‌వేర్ వాడాల్సి వస్తే ముందు ఎన్‌క్రిప్షన్ పూర్తిగా తొలగించుకోవడం మంచిది.

ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తగిలించండి. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉంటే దాని మీద నడపండి.

పటం చదవడం

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ ఎంచుకోండి. కింది సగంలో ప్రతి డిస్క్ ఒక అడ్డపట్టీలా కనిపిస్తుంది. ఎడమ చివర డిస్క్ 0, డిస్క్ 1 అని ఉంటుంది. రెండు మూడు డిస్కులుంటే, లేదా పెన్‌డ్రైవ్ తగిలించి ఉంటే, ఏది ఏదో పరిమాణాన్ని బట్టి గుర్తుపట్టండి. అవసరం లేనివాటిని తీసేస్తే పొరపాటుకు తావు తగ్గుతుంది. బ్యాకప్ డిస్క్‌నూ ఇప్పుడే తీసి పక్కన పెట్టండి.

సి డ్రైవ్‌కు ముందు ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ అని ఒక చిన్న ముక్క ఉంటుంది. చాలాసార్లు అది 100 ఎంబీ. కంప్యూటర్ బూట్ అయ్యేది దాని ద్వారానే. చివర్లో కొన్ని వందల ఎంబీల రికవరీ పార్టిషన్ ఉండవచ్చు. చిన్నవే కదా, తీసేస్తే చోటు కలిసొస్తుందని అనుకోకండి. రెండింటినీ ముట్టుకోవద్దు.

డిస్క్ 0 అని రాసి ఉన్న పెట్టె మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, వాల్యూమ్స్ చూస్తే పార్టిషన్ స్టైల్ (పార్టిషన్ టేబుల్ రాసే పద్ధతి) అనే వరుస కనిపిస్తుంది. జీపీటీ అని ఉంటే బెంగ లేదు, విండోస్ అందులో 128 పార్టిషన్లను అనుమతిస్తుంది. ఎంబీఆర్ అని ఉంటే జాగ్రత్త. 1983 నాటి ఈ పాత పద్ధతిలో నాలుగు ప్రైమరీ పార్టిషన్లే కుదురుతాయి, 2 టీబీ దాటిన చోటు వాడుకోలేం. మీ ఎంబీఆర్ డిస్క్‌లో ఇప్పటికే నాలుగు ఉండి, ఐదోది చేయబోతే, డిస్క్‌ను డైనమిక్‌గా మార్చమంటారా అని విండోస్ అడుగుతుంది. సరే అనకండి. డైనమిక్ డిస్క్ నుంచి మామూలు డిస్క్‌కు వెనక్కి రావాలంటే, విండోస్ సాధనంతో అందులోని వాల్యూములన్నీ, అంటే సి, డి వంటి డ్రైవ్‌లన్నీ, చెరపాల్సిందే.

ఎంత తగ్గించాలి?

1 టీబీ డిస్క్ కొంటే విండోస్‌లో 931 జీబీ అని కనిపిస్తుంది. డిస్క్ తయారుచేసేవారు వెయ్యితో లెక్కిస్తారు, విండోస్ 1024తో లెక్కిస్తుంది. తేడా అంతే, చోటు ఎక్కడికీ పోలేదు.

సి డ్రైవ్‌కు ఇప్పుడు వాడుతున్న చోటుకు దాదాపు రెట్టింపు వదలమని నా సలహా. విండోస్ అప్‌డేట్లు, తాత్కాలిక ఫైళ్లు, కొత్త ప్రోగ్రాములు అన్నీ అక్కడికే వస్తాయి. ఇరుకైన సి డ్రైవ్‌తో పడే అవస్థ కంటే కాస్త చిన్న డి డ్రైవ్ మేలు. ఒక ఉదాహరణ చూద్దాం. సి డ్రైవ్ 930 జీబీ, అందులో 180 జీబీ నిండి ఉంది. సి కి 350 ఉంచి, డి కి 580 తీయాలనుకున్నాం. 580ని 1024తో హెచ్చిస్తే 593920. రాబోయే పెట్టెలో ఈ అంకె వేయాలి.

ఆ పెట్టె అడిగేది సి లో ఎంత మిగలాలని కాదు, సి నుంచి ఎంత తీయాలని. అదీ ఎంబీల్లో. ఇక్కడ తడబడేవారు చాలామంది ఉంటారు.

అసలు పని

1. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి డ్రైవ్ పట్టీ మీద రైట్ క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ నొక్కండి. అదే మెనూలో ఫార్మాట్, డిలీట్ వాల్యూమ్ కూడా ఉంటాయి. విండోస్ నడుస్తున్న సి డ్రైవ్‌కు ఆ రెండూ పనిచేయకుండా ఉంటాయి కానీ, మిగతా డ్రైవ్‌ల మీద పనిచేస్తాయి. కాబట్టి డి, ఇ వంటి వాటిని విడగొట్టేటప్పుడు నొక్కబోయే పేరును ఒకటికి రెండుసార్లు చదవండి.

2. ఎంత తీయవచ్చో విండోస్ కాసేపు లెక్కవేసి చూపిస్తుంది. మీ అంకె వేసి ష్రింక్ నొక్కండి. కిటికీ స్పందించనట్టు కనిపించినా మూసేయకండి, కంప్యూటర్‌ను ఆపకండి. అరగంట పట్టినా వేచి ఉండండి.

3. సి పక్కన నల్లని గీతతో అన్‌అలోకేటెడ్ అనే ఖాళీ చోటు కనిపిస్తుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి న్యూ సింపుల్ వాల్యూమ్ నొక్కండి. పరిమాణం ఉన్నదున్నట్టు వదలండి, అక్షరం డి ఎంచుకోండి. డి ఇప్పటికే వేరేదానికి ఉంటే ఇ అయినా పరవాలేదు. కానీ ఇప్పటికే ఉన్న డ్రైవ్ అక్షరాన్ని మార్చకండి, దాన్ని నమ్ముకున్న ప్రోగ్రాములు, షార్ట్‌కట్‌లు పనిచేయకుండా పోతాయి.

4. తర్వాతి తెరలో ఫార్మాట్ అనే మాట చూసి చాలామంది ఆగిపోతారు. ఇది మీరు ఎంచుకున్న ఖాళీ చోటుకు మాత్రమే. ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్, అలొకేషన్ యూనిట్ సైజ్ డిఫాల్ట్, క్విక్ ఫార్మాట్ టిక్ చేసి ఉండాలి. గుర్తుపట్టేలా పేరు పెట్టి ముగించండి.

ఇదంతా జరుగుతుండగా, డ్రైవ్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి అని వేరే కిటికీ ఒకటి పైకి రావచ్చు. దాన్ని రద్దు చేయండి. కొత్త డ్రైవ్ సిద్ధం కాకముందే విండోస్ దాన్ని చూసి అడిగే ప్రశ్న అది.

ఖాళీ ఉన్నా తగ్గనంటే

అసలు చిక్కు వచ్చేది ఇక్కడే. 700 జీబీ ఖాళీగా ఉంటే, విండోస్ 40 జీబీ మాత్రమే తీయగలనంటుంది. డిస్క్ చెడిపోలేదు. మధ్యలో ఎక్కడో కదలని ఫైలు ఒకటి కూర్చుని ఉంది. విండోస్ నడుస్తుండగా తాను పట్టుకుని ఉన్న కొన్ని ఫైళ్లను కదపలేదు. కుడి అంచు వాటి దాకా వచ్చి ఆగిపోతుంది. ఆ ఫైళ్లను తాత్కాలికంగా లేకుండా చేస్తే దారి తెరుచుకుంటుంది.

మొదటిది హైబర్నేషన్ ఫైలు, కంప్యూటర్ హైబర్నేట్ అయ్యేటప్పుడు ర్యామ్‌లో ఉన్నదాన్ని దాచుకునేది. ర్యామ్‌ను బట్టి అది అనేక జీబీలు ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్ అనే మాటకు సి, ఎఫ్, జి అక్షరాలు కలిపి టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి స్లాష్, హెచ్, మళ్లీ ఖాళీ వదిలి ఆఫ్ అని కొట్టండి. ఫైలు అప్పుడే మాయమవుతుంది.

రెండోది పేజ్ ఫైలు, ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునేది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్, అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్ తెరవండి. పెర్ఫార్మెన్స్ కింద సెట్టింగ్స్, అక్కడ అడ్వాన్స్‌డ్, వర్చువల్ మెమరీ కింద చేంజ్. ఆటోమేటిక్ టిక్ తీసి, సి డ్రైవ్‌కు నో పేజింగ్ ఫైల్ ఎంచుకుని, సెట్ నొక్కి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి.

మూడోది రిస్టోర్ పాయింట్లు, విండోస్‌ను పాత స్థితికి తిప్పడానికి దాచుకునేవి. సిస్టమ్ ప్రొటెక్షన్‌లో సి డ్రైవ్‌ను ఎంచుకుని కాన్ఫిగర్ నొక్కి, ఆపేసి, పాతవి తొలగించండి. ఇలా చేశాక వెనక్కి వెళ్లే దారి ఉండదు. బ్యాకప్ తీసుకోమని ముందే చెప్పడానికి ఇదీ ఒక కారణం.

ఇప్పుడు మళ్లీ ష్రింక్ ప్రయత్నించండి. పాత తరహా హార్డ్‌డిస్క్ అయితే ఒకసారి డీఫ్రాగ్మెంట్ చేయించడం, అంటే ఫైళ్ల ముక్కలను ఒకచోట చేర్పించడం, కూడా మేలు చేస్తుంది. ఇంకా తగ్గకపోతే గుడ్డిగా ఊహించక్కర్లేదు. ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అప్లికేషన్ తెరిచి 259 నంబరు ఈవెంట్ వెతకండి. ఏ ఫైలు దగ్గర ఆగిపోయిందో అందులో పేరుతో సహా రాసి ఉంటుంది. అది యాంటీవైరస్‌ది కావచ్చు, సెర్చ్ ఇండెక్స్‌ది కావచ్చు. ఆ ప్రోగ్రామ్‌ను కాసేపు ఆపి మళ్లీ చూడండి.

పేరు డాలర్ గుర్తుతో మొదలై ఎంఎఫ్‌టీ అని ఉంటే, అది ఎన్‌టీఎఫ్‌ఎస్ సొంత జాబితా. అప్పుడు విండోస్ నడవని సమయంలో పని చేయించాలి. జీపార్టెడ్ అనే ఉచిత సాధనాన్ని పెన్‌డ్రైవ్ మీదకు ఎక్కించి, దాని నుంచి కంప్యూటర్‌ను బూట్ చేస్తారు. అప్పుడు విండోస్ నడవదు కనుక అది పట్టుకునే ఫైళ్లనూ జీపార్టెడ్ కదపగలదు. దానికి ముందు పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపి, కంప్యూటర్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. లేకపోతే విండోస్ సగం మెలకువతో ఉన్నట్టే లెక్క, జీపార్టెడ్ ఆ పార్టిషన్‌ను మార్చడానికి నిరాకరిస్తుంది. బిట్‌లాకర్ ఉన్న పార్టిషన్‌ను అది తగ్గించలేదు. పట్టీ కుడి చివరను మాత్రమే లాగండి, ఎడమ చివర ముందు ఖాళీ సున్నాగానే ఉండాలి. తర్వాత విండోస్ మొదటిసారి లేచినప్పుడు డిస్క్ తనిఖీ మొదలుపెడుతుంది. దాన్ని పూర్తికానివ్వండి.

పని ముగిశాక ఆపినవన్నీ తిరిగి ఆన్ చేయండి. హైబర్నేషన్‌కు అదే కమాండ్‌లో ఆఫ్ బదులు ఆన్. పేజ్ ఫైలుకు ఆటోమేటిక్ టిక్. సిస్టమ్ ప్రొటెక్షన్ కూడా.

ఫైళ్లను కొత్త డ్రైవ్‌కు తేవడం

కట్ చేసి పేస్ట్ చేయకండి. కాపీ చేయండి, తెరిచి చూడండి, ఆ తర్వాతే పాతవి తొలగించండి. కాస్త ఎక్కువ సమయం పట్టినా పరవాలేదు.

డాక్యుమెంట్స్, పిక్చర్స్ వంటి ఫోల్డర్లను శాశ్వతంగా డి కి మార్చుకోవాలంటే, ముందు డి లో ఒక్కోదానికి ఒక్కో ఫోల్డర్ చేయండి. తర్వాత డాక్యుమెంట్స్ ప్రాపర్టీస్‌లో లొకేషన్ తెరిచి ఆ ఫోల్డర్‌ను చూపించండి. ఫోల్డర్ లేకుండా నేరుగా డి డ్రైవ్‌ను చూపిస్తే విండోస్ డ్రైవ్ మొత్తాన్నీ డాక్యుమెంట్స్‌గా భావిస్తుంది. దాన్ని విడదీయడం తలనొప్పి. వన్‌డ్రైవ్ ఆ ఫోల్డర్లను బ్యాకప్ చేస్తుంటే, ముందు అక్కడ ఆపి ఆ తర్వాత మార్చండి. ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాముల ఫోల్డర్లను మాత్రం ఇలా మోసుకురాకండి, అవి పనిచేయవు.

కొన్నాళ్లకు సి డ్రైవ్ చాలలేదనిపిస్తే? ఎక్స్‌టెండ్ వాల్యూమ్ సి కి కుడి పక్కనే ఆనుకుని ఉన్న ఖాళీని మాత్రమే కలుపుకోగలదు. ఆ పక్కన ఇప్పుడు డి ఉంది. డి ఫైళ్లన్నీ వేరే డిస్క్‌కు తీసి, డి ని తొలగించి, సి ని పెంచి, మిగిలిన చోట డి ని మళ్లీ చేసుకోవాలి. డి ని కుడివైపుకు తగ్గించి జరపవచ్చని బయటి సాఫ్ట్‌వేర్లు చెబుతాయి. అది మళ్లీ ఎడమ అంచు పనే.

విండోస్ కాని చోట్ల

ఎఫ్‌ఏటీ32, ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టములు ఉన్న పెన్‌డ్రైవ్‌లను, ఎక్స్‌టర్నల్ డిస్కులను విండోస్ తగ్గించలేదు. ఫైళ్లు బయటకు తీసి కొత్తగా పార్టిషన్ చేయడమే దారి. లినక్స్‌లో ఎక్స్‌ట్4 (అక్కడి ఫైల్ సిస్టమ్) పార్టిషన్‌ను అన్‌మౌంట్ చేశాకే, అంటే వాడకంలోంచి తీశాకే, తగ్గించాలి. కాబట్టి లినక్స్ నడిచే రూట్ పార్టిషన్‌కు లైవ్ పెన్‌డ్రైవ్ (దాని నుంచే బూట్ అయ్యేది) కావాలి. మ్యాక్‌లో ఏపీఎఫ్‌ఎస్ అనే ఆపిల్ ఫైల్ సిస్టమ్ ఉంటే పార్టిషన్ అవసరమే సాధారణంగా రాదు. డిస్క్ యుటిలిటీలో కొత్త వాల్యూమ్ చేర్చితే చాలు, వాల్యూములన్నీ ఒకే ఖాళీని పంచుకుంటాయి.

పొరపాటు జరిగితే

తప్పు పార్టిషన్ డిలీట్ అయిందని గ్రహించిన క్షణమే ఆగండి. ఆ డిస్క్ మీద ఏమీ రాయకండి, కొత్త పార్టిషన్ చేయకండి, ఫార్మాట్ అడిగితే ఒప్పుకోకండి. డిలీట్ వల్ల చెరిగింది ప్రధానంగా పట్టికలోని వరుస. హార్డ్‌డిస్క్ అయితే డేటా చాలావరకు అలాగే ఉంటుంది. టెస్ట్‌డిస్క్ అనే ఉచిత సాధనం డిస్క్‌ను వెతికి, పోయిన పార్టిషన్ సరిహద్దులను కనిపెట్టి, పట్టికను తిరిగి రాయగలదు. రాయించే ముందు, దొరికిన పార్టిషన్‌లోని ఫైళ్ల జాబితాను అందులోనే చూడవచ్చు. చూసి, అవే మీ ఫైళ్లని రూఢి చేసుకోండి. వీలైతే ముందు వాటిని మరో డిస్క్‌కు కాపీ చేసుకోండి.

ఎస్‌ఎస్‌డీలో ఆశ తక్కువ. ఫార్మాట్ జరిగితే ట్రిమ్ అనే ఆదేశం వెళ్లి, ఖాళీ అని చెప్పిన చోట్లను డిస్క్ తనంతట తానే తుడిచేస్తుంది. కాబట్టి అక్కడ వెంటనే కంప్యూటర్‌ను ఆపేసి, ఆ డిస్క్‌ను విడిగా మరో కంప్యూటర్‌కు తగిలించి చూడాలి. హార్డ్‌డిస్క్ నుంచి టకటక శబ్దం వస్తుంటే ఏ సాఫ్ట్‌వేర్‌నూ ప్రయత్నించకుండా కరెంటు తీసేసి, డేటా రికవరీ నిపుణులకు అప్పగించండి. అలాంటి డిస్క్‌ను మళ్లీ తిప్పిన ప్రతిసారీ తిరిగి దొరకగలిగేది ఇంకాస్త తగ్గిపోతుంది.